ఎండలో పెట్టిన ఆకాశం

మా వీధిలో రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఒకాయన ఉండేవారు. కలకత్తాలో చదువుకున్నప్పుడు జపాన్ వాళ్ల చెక్క అచ్చు పని నేర్చుకున్నారట. ఎనభైల్లో, డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న నాకు అది నేర్పారు. ఒక్కో రంగుకు ఒక్కో పలక చెక్కాలి. నీళ్ల రంగులో గంజి కలిపి అద్ది, తడి కాగితం పరిచి, వెనక నుంచి రుద్దాలి. అన్ని పలకలూ ఒకే చోట కుదరాలి. వెంట్రుకవాసి జరిగినా బొమ్మ పాడే.

ఆయన ఆదివారం వినుకొండలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. "సరైన అచ్చు ఒక్కటి తీసుకురా. నా ఉలులు నీకే ఇస్తా. లేదంటే నాతోనే తీసకపోతా" అన్నారు. అలాంటి ఉలులు నరసరావుపేటలో ఎక్కడ దొరుకుతాయి? ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

మా డాబా మీంచి కనిపించేదే ఎంచుకున్నాను. సినిమా హాలు రేకులు, బస్టాండు, వెనక కోటప్పకొండ. ఎటు నుంచి చూసినా మూడు శిఖరాలే కనిపించే కొండ కదా, అచ్చులో కుడి ఎడమైనా ఎవరూ పట్టుకోలేరని ధైర్యం. ఉన్నది ఆ ఒక్క ధైర్యమే.

శనివారం ఆకాశం రంగు అద్దే పలక కడిగి, వసారా నీడలో ఆనించి, కాగితాల కోసం బజారుకెళ్లాను. వచ్చేసరికి అది లేదు. మా ఇంట్లో తడిగా కనిపించిందల్లా డాబా ఎక్కాల్సిందే. అమ్మ దాన్ని మిరపకాయల పక్కన ఎండబెట్టింది. పలక దోనెలా వంగిపోయింది.

నేను అరిచాను. అమ్మ తిరిగి అరవలేదు. అది చూసి ఇంకా భయమేసింది.

"తడిసిందిగా, ఆరితే మంచిదనుకున్నా. ఇప్పుడేం చెయ్యాలే?" అంది.

తడి గోనెపట్టా మీద పలక బోర్లించి, పైన సన్నికల్లు పెట్టాం. తెల్లారేసరికి చాలావరకు సాపయింది. అచ్చు తీశాను. ఆకాశం కొండకు ఆనింది, ఒక్క చివర తప్ప. అక్కడ సన్నటి తెల్ల గీత మిగిలింది.

మాస్టారు సామాను రిక్షా ఎక్కిస్తున్నారు. అచ్చు వెలుతురుకేసి పట్టి చూశారు.

"ఈ తెలుపేంది అమ్మాయ్?"

"ఎండకి పలక వంగింది మాస్టారూ."

ఆయన ఉలుల మూట విప్పి, అన్నిటికన్నా చిన్నది నా చేతిలో పెట్టారు. "గీత లేకుండా తీసిననాడు వినుకొండ రా. మిగతావి తీసకపోదువు."

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. పొద్దున కడిగి వదిలొచ్చిన పలక గుర్తొచ్చి, ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా డాబా ఎక్కాను. మిరపకాయలే ఉన్నాయి. కిందికి దిగి చూస్తే, పలక వసారా నీడలో ఉంది. దాని పక్కనే పీట వేసుకుని అమ్మ కాపలా కూర్చుంది.

"మాస్టారు ఏమన్నారే?" అంది, పీట మీంచి లేవకుండానే.