పలకని పెట్టె పలికిన రోజు

దయ్యాలంటే మా ఇంట్లో భయం ఉండేది కాదు, చులకన ఉండేది. మా తాతగారు సినిమాలు తీసిన రోజుల్లో దయ్యం కథ పట్టుకొచ్చినవాళ్ళకు కాఫీ ఇచ్చి పంపేవారు తప్ప కథ వినేవారు కాదు. అలాంటివి బాగా ఆడుతున్నాయని పంపిణీదారులు ఎంత చెప్పినా మెత్తబడలేదు. ఆ చులకన నాకూ వచ్చింది. చూపు పోయిన మనిషి నిత్యం చీకట్లో ఉంటాడు కాబట్టి అతనికి అలాంటి భయాలు ఎక్కువని కొందరు అనుకుంటారు. నాకు లేవు, ఇప్పుడూ లేవు. జరిగింది జరిగినట్టు ఒకచోట రాసి పెట్టాలనిపించి రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. జూబ్లీహిల్స్‌లో మా ఇల్లున్న చోట ఇప్పుడు కార్ల షోరూం ఉంది. పాత ఆటోవాళ్ళు కొందరు ఆ మలుపును ఇప్పటికీ మా ఇంటిపేరుతోనే చెబుతారు. వెనక కూర్చున్నది ఆ ఇంటివాడేనని వాళ్ళకు తెలియదు, నేనూ చెప్పను. నేనూ నా భార్య వసుంధరా ఫిల్మ్‌నగర్‌లో మేడ మీద ఒక వాటాలో అద్దెకుంటున్నాం. సినిమాలో మాటలు విని సబ్‌టైటిళ్ళ కోసం టైపు చేసి ఇవ్వడం నా పని. తాతగారి పేరు చెప్పి ఎవరినీ పని అడగలేదు. పని బాగుందని వాళ్ళే వస్తారు.

నేను కంప్యూటర్ వాడేది స్క్రీన్ రీడర్‌తో. తెర మీద ఉన్న అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాం అది. అలవాటైనవాళ్ళం దాన్ని చాలా వేగంగా పెట్టుకుంటాం. వసుంధరకు అందులో ఒక్క ముక్క అర్థం కాదు. "మిల్లులో వడ్లు పోసినట్టుంది" అంటుంది. నా కంప్యూటర్‌కు తెర కూడా లేదు. ఉన్నది పాడైతే మళ్ళీ కొనలేదు, నాకు దానితో పని లేదు కనుక. ఈ మాట గుర్తుంచుకోవాలి.

కంప్యూటర్‌కు ఏదైనా జబ్బు చేస్తే ఇప్పుడు మనిషి ఇంటికి రాడు. ఎక్కడో ఆఫీసులో కూర్చుని, నెట్ మీదుగా మన కంప్యూటర్‌లోకి వచ్చి బాగుచేస్తాడు. చూపున్నవాళ్ళు అతను ఏం చేస్తున్నాడో తెర మీద చూస్తూ ఉంటారు. నాలాంటివాళ్ళకు ఆ భాగ్యం లేదు. అతను లోపలికి వచ్చీ రాగానే మా స్క్రీన్ రీడర్ తడబడుతుంది, కొన్నిచోట్ల పూర్తిగా మూగబోతుంది. మన ఇంట్లోకి ఎవరో వచ్చి బీరువాలు తెరుస్తుంటే గుమ్మంలో నిలబడి ఊరుకోవడం లాంటిది అది.

అన్నిటికన్నా కష్టం అనుమతి పెట్టె. ఏదైనా పెద్ద మార్పు చేసే ముందు కంప్యూటర్ ఒక చిన్న పెట్టె తెరిచి, సరేనా అని యజమానిని అడుగుతుంది. దొంగలు దూరకుండా ఆ పెట్టెను మిగతా వాటికి అందని చోట తెరుస్తుంది. అది తెరుచుకున్నంతసేపూ అవతలి మనిషికి తెర నల్లగా అయిపోతుంది. ఇవతల నా రీడర్‌కూ మాట రాదు. అంటే అతనికీ కనబడదు, నాకూ వినబడదు. "బాక్స్ వచ్చింది, యెస్ కొట్టండి" అని అతను అంటాడు. నేను ఆ నిశ్శబ్దంలో అలవాటు మీద యెస్ మీట నొక్కుతాను. నాకు తెలిసిన చూపులేనివాళ్ళందరూ ఇలాగే చేస్తారు. దేనికి సంతకం పెడుతున్నామో మాకు తెలియదు.

ఇక అసలు విషయం. మా తాతగారి చివరి సినిమా విడుదల కాలేదు. పేరు 'అద్దాల వంతెన'. దానితోనే ఇల్లూ పోయింది. బొమ్మ ఉన్న రీళ్ళు ఎప్పుడో పాడైపోయాయి. నిరుడు ఒక పాత రికార్డింగ్ థియేటర్ మూసేస్తుంటే, అక్కడి బీరువాలో ఆ సినిమా మాటలూ పాటలూ ఉన్న టేపు బయటపడింది. ఆ టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించినవాడు పీటర్. వెంగళరావు నగర్‌లో చిన్న సౌండ్ స్టూడియో ఉంది అతనికి. టేపు ఎంత మురిగిపోయి ఉందంటే, ఒక్కసారి తిరిగేసరికి దాని మీది పూత పొట్టులా రాలిపోయింది. ఇక రెండోసారి తిరగదు. మిగిలింది పీటర్ నా చేతికిచ్చిన హార్డ్ డిస్క్ ఒక్కటే. అతని దగ్గర కాపీ ఉంటే చెరిపెయ్యమన్నాను. మా తాతగారి సినిమా ఇంకొకరి మిషన్‌లో పడి ఉండటం నాకు ఇష్టం లేదు. పీటర్ ఒకసారి ఆలోచించమన్నాడు. ఆలోచించే చెబుతున్నానన్నాను. అతను చెరిపేశాడు.

చూపున్నవాళ్ళకు అది సగం సినిమా. నాకు అదే మొత్తం సినిమా.

డిస్క్ ఇంటికి తెచ్చిన మర్నాడు ఉదయం దాన్ని కంప్యూటర్‌కు తగిలించాను. తీరిగ్గా కూర్చుని మొదటినుంచి విందామని. కానీ రీడర్ మధ్యమధ్యలో ఆగిపోతోంది. కంప్యూటర్ అమ్మిన కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. నరేష్ అనే అతను ఫోన్ ఎత్తాడు, నెట్ మీదుగా నా కంప్యూటర్‌లోకి వచ్చాడు. నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాను. వసుంధర పక్కనే కింద కూర్చుని గోంగూర తుంచుతోంది.

కాసేపు వెతికి నరేష్ అన్నాడు. "సార్, సిస్టం లోపల్నే ఖరాబైంది. మొత్తం ఒక కాపీ తీసుకొని మల్ల కొత్తగ ఎక్కియ్యాలె. ఖాళీ హార్డ్ డిస్క్ ఉందా మీ తాన?"

ఉంది. ఇలాంటి అవసరానికే కొన్నది, కొత్తది. దాన్నీ తగిలించాను.

"రెండు కనబడుతున్నయ్ సార్. ఒకదాంట్ల ఏవో ఫైళ్ళున్నయ్. ఇంకోటి ఖాళీ ఉంది."

"ఖాళీదే కొత్తది బాబూ. రెండోది ముట్టుకోవద్దు. అందులో మా తాతగారి సినిమా ఉంది."

"గట్లనే సార్. ఫైళ్ళున్నదాని జోలికి పోను. ఖాళీదాన్ని ఒకసారి సాఫ్ చేసి దాంట్ల కాపీ పెడ్త."

మేమిద్దరం ఒకే మాట మీద ఉన్నామని ఇద్దరం అనుకున్నాం.

"బాక్స్ వచ్చింది సార్. నాకు నల్లగయింది. యెస్ కొట్టుండ్రి, ఫికర్ లేదు."

నా రీడర్ ఎప్పటిలాగే మూగబోయింది. నా వేళ్ళు మీటల మీదికి వెళ్ళాయి. అప్పుడు అది మాట్లాడింది.

"అద్దాల వంతెన," అంది. కొంచెం ఆగింది. "ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. అవును, బటన్. వద్దు, బటన్."

ఆ గొంతు నా రీడర్ గొంతే. రోజూ వినే కొయ్య గొంతు. అందులో ఏ భావమూ లేదు, ఏ మనిషి పోలికా లేదు. కానీ నిదానంగా చెప్పింది, కొత్తగా నేర్చుకునేవాళ్ళకు చెప్పినట్టు. పైగా తెలుగులో చెప్పింది. నా కంప్యూటర్‌లో పెట్టెలూ బటన్లూ అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి.

నేను నో మీట నొక్కాను.

"సార్, ఎవరో మాట్లాడిండ్రు?" అన్నాడు నరేష్ ఫోన్‌లోంచి.

"స్క్రీన్ రీడర్."

"ఓహో, మీది తెలుగుల చెప్తుందా? మంచిగుంది సార్. వంతెన అన్నది, అదేంది? సరే, యెస్ కొట్టిండ్రా?"

"లేదు. నో కొట్టాను."

"అయ్యో, ఎందుకు సార్?"

జవాబివ్వకుండా డిస్కులు రెండూ తడిమాను. పీటర్ ఇచ్చినదానికి ఇనుప డబ్బా, కొత్తదానికి ప్లాస్టిక్ డబ్బా. ఇనుపదాన్ని ఊడదీశాను.

"సార్, ఖాళీది పోయింది," అన్నాడు నరేష్.

వసుంధర గోంగూర తుంచడం ఆపేసింది. నా చేతిలో ఉన్నది ఏదో ఆమెకు కనబడుతోంది. ఫోన్ పెట్టేశాక ఆమె అడిగింది. "ఏమండీ, మీ మిషన్ మాట్లాడితే నాకెప్పుడూ ఒక్క ముక్క తెలియదు. ఇవాళ మొత్తం అర్థమైందేమిటి?"

వెంటనే పీటర్‌కు ఫోన్ చేశాను. అతను నొచ్చుకున్నాడు. "చెప్పడం మర్చిపోయానండీ. సౌండ్ స్టూడియోల్లో మేం వాడే కంప్యూటర్లు వేరండి. వాటి పద్ధతిలో డిస్క్ తయారుచేసి ఇచ్చేశాను. మీ కంప్యూటర్‌కు అది అర్థం కాదు, ఖాళీదే అనుకుంటుంది." కొత్త డిస్క్‌లో కనబడిన ఫైళ్ళు దాన్ని తయారుచేసినవాళ్ళు వేసి పంపేవి. ఇలా ఉన్నది లేనట్టూ, లేనిది ఉన్నట్టూ కనబడింది నరేష్‌కు. అతని తప్పేమీ లేదు.

"డిస్క్‌కు పేరేమైనా పెట్టావా పీటర్?" అని అడిగాను.

"సినిమా పేరే పెట్టానండీ. తెలుగులోనే కొట్టాను. మీ రీడర్ చదువుతుంది కదా, మీకు సంతోషంగా ఉంటుందని."

ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. నా కంప్యూటర్‌కు తెలిసే అవకాశమే లేదు. దానికి ఆ డిస్క్ వట్టి ఖాళీ రేకు.

ఆ సాయంత్రమే ఆటోలో వెంగళరావు నగర్ వెళ్ళి పీటర్ చేత కాపీలు తీయించాను. ఒకటి అతని దగ్గరే ఉంచమన్నాను.

తర్వాత రీడర్‌ను పరీక్షించాను. వేగం ఎప్పటిలాగే ఉంది, ఎవరూ తగ్గించలేదు. భాష ఇంగ్లీషులోనే ఉంది. తెలుగు అక్షరాలు ఎదురైతేనే తెలుగు పలుకుతుంది. ఆ పెట్టెలో తెలుగు అక్షరం ఒక్కటి కూడా ఉండదు. డిస్క్ పోతుందేమోనన్న బెంగతో నేనే ఊహించుకున్నానా అని కూడా ఆలోచించాను. కానీ నాకు అప్పుడు బెంగ ఏమీ లేదు, నిశ్చింతగా యెస్ కొట్టబోతున్నాను. పైగా, తెర లేదు కనుక ఆ పెట్టెలో ఏముందో చూసే వీల్లేని వసుంధర కూడా ఆ మాటలు విన్నది. సినిమా పేరు తెలియని నరేష్ కూడా వంతెన అనే మాట విన్నాడు.

నాకు తెలిసిన దారిలో ఫిర్యాదు రాశాను. దూరం నుంచి బాగుచేసే ఆ ప్రోగ్రాం తయారుచేసిన కంపెనీకి, అనుమతి పెట్టె దగ్గర రీడర్ మూగబోతుందనీ, ఒక్కసారి మాత్రం పలికిందనీ. దయ్యం అనే మాట ఎక్కడా వాడలేదు. ఆ కంపెనీలో పనిచేసే, శ్రీనగర్ కాలనీలో ఉండే కీర్తన అనే ఇంజనీరు ఫోన్ చేశారు. మొదట మర్యాదకు విన్నారు. కాసేపటికి ఆమె గొంతు మారింది.

"సార్, మీరు చెప్పేది నిజంగా జరిగితే ఎలా జరిగిందో నాకు కావాలి. చాలాకాలంగా ఆ బాక్స్‌ను మాట్లాడించాలనే మా ప్రయత్నం. మీ దగ్గర అదే మాట్లాడేసిందంటున్నారు!"

ఆమె నా ఇంటికి వచ్చారు. ఆ రోజు కంప్యూటర్ దాచుకున్న వివరాలన్నీ తీసి చూశారు. పెట్టె తెరుచుకున్నప్పటి నుంచి మూసుకునేదాకా రీడర్ పూర్తిగా ఆగిపోయి ఉంది. ఒక్క అక్షరం కూడా పలికినట్టు లేదు. అదే డిస్క్, అదే కంప్యూటర్, అదే పద్ధతి మళ్ళీ మళ్ళీ చేసి చూశాం. వేరే కంప్యూటర్ల మీద చేశాం. చూపులేని నా మిత్రులు వాళ్ళ ఇళ్ళల్లో చేసి చూశారు. ప్రతిసారీ నిశ్శబ్దమే. చివరికి ఆ ఫిర్యాదు పక్కన "మళ్ళీ జరిపి చూడటం సాధ్యం కాలేదు" అని రాశారు.

కీర్తన మాత్రం వదల్లేదు. అది ఎలా పలికిందో తెలియకపోయినా, ఎలా పలకాలో నా మాటల్లో విన్నారు. పెట్టె తెరుచుకోగానే రీడర్ మాట ఇవతల యజమానికీ అవతల బాగుచేసేవాడికీ ఇద్దరికీ వినబడాలి. ఏ డిస్క్ మీద పని జరుగుతోందో పేరుతో సహా చెప్పాలి. ఇద్దరూ విని అర్థం చేసుకునేలా నిదానంగా, కావాలంటే తెలుగులో చెప్పాలి. నెలల తరబడి ఆమె మార్చి పంపుతూ వచ్చారు, నేను పరీక్షిస్తూ వచ్చాను. తప్పు పడితే తప్పని మొహమాటం లేకుండా చెప్పాను. మా తాతగారు రీరికార్డింగ్‌లో ఒక్క తబలా దెబ్బ అటూ ఇటూ అయినా ఊరుకునేవారు కాదట.

ఈ మధ్యే అది అందరికీ విడుదలైంది. మిత్రులు ఫోన్ చేసి సంబరపడ్డారు. ఇంతకాలానికి, దేనికి సరే అంటున్నామో విని సరే అంటున్నామని ఒకాయన చెప్పాడు. కీర్తన నాకు కృతజ్ఞతలు చెప్పారు. నేను చేసింది తక్కువేమీ కాదు కనుక స్వీకరించాను.

మొన్న ఏదో చిన్న పనికి నరేషే మళ్ళీ నా కంప్యూటర్‌లోకి వచ్చాడు. పెట్టె తెరుచుకుంది. రీడర్ డిస్క్ పేరు చెప్పింది, కొంచెం ఆగింది, అవును బటన్, వద్దు బటన్ అంది. అదే కొయ్య గొంతు, అదే నిదానం. "సూపర్ సార్," అన్నాడు నరేష్. నేను యెస్ కొట్టలేకపోయాను. అతను రెండుసార్లు పిలిచాక కొట్టాను.

అది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంతకాలం ఆ పెట్టె మూగది కాబట్టే, ఆ రోజు పలికింది వేరే ఏదో అని నేను గుర్తుపట్టగలిగాను. ఇప్పుడు అది ప్రతిసారీ పలుకుతుంది, అచ్చం ఆ రోజు పలికినట్టే. అలా పలికేలా చేయించింది నేనే. ఆ రోజు మాట్లాడింది ఏదో అది మళ్ళీ వచ్చి మాట్లాడినా, ఇక నాకు తెలిసే దారి లేదు.