రాజబాబు కారులో కరెంటు దొంగ

రాజబాబుకు అనుమానం ఎక్కువని నాగాయలంక కార్ల స్టాండులో అందరికీ తెలుసు. టీ గ్లాసు బల్ల మీద వదిలి పక్కకు వెళ్తే, తిరిగి వచ్చాక ఆ టీ తాగడు. డీజిల్ పోయించిన ప్రతిసారీ ట్యాంకు మూత మీద నూలుపోగు అతికిస్తాడు. పడుచుతనంలో లారీ నడిపేటప్పుడు హైవే పక్కన కునుకు తీస్తే ఎవరో స్టెప్నీ విప్పుకుపోయారు. రాజబాబే అమ్ముకున్నాడని ఓనరు తేల్చేశాడు. ఆ తర్వాత రాజబాబు ఇంకొకరి బండి నడపలేదు. సెకండ్ హ్యాండులో ఒక డీజిల్ కారు కొనుక్కున్నాడు. ఇప్పుడది బాగా పాతబడింది.

రోజు విడిచి రోజు ఆ కారు బందరు వెళ్తుంది. నరసింహం గారనే రైతుకు అక్కడి ఆసుపత్రిలో డయాలసిస్. ఆయన్ని పట్టుకుని మెట్లెక్కించేది రాజబాబు బావమరిది చిన్నబాబు. నందివాడ దగ్గర చేపల చెరువుల మీద పని పోయాక అక్క దయామణి ఇంటికి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. నరసింహం గారు లోపల మంచం మీద ఉన్నంతసేపూ రాజబాబు ఖాళీగా కూర్చోడు. గిలకలదిండి చేపల రేవుకు వెళ్లి, అవనిగడ్డలో ఒక మెస్సుకు కావలసిన చేపలు డిక్కీలో వేసుకొస్తాడు.

ఎండలు ముదిరాక బ్యాటరీ పడిపోవడం మొదలైంది. బందరు వెళ్లాల్సిన రోజు తెల్లవారి తాళం తిప్పితే 'టిక్' మని ఊరుకుంటుంది. పక్కింటి ట్రాక్టరుకు వైర్లు తగిలించి స్టార్టు చేసుకోవాలి. ఆలస్యమైతే ఆసుపత్రిలో నరసింహం గారి మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

కొత్త బ్యాటరీ వేయించాడు. వేసేటప్పుడు దాని అడుగున మేకుతో గీత గీశాడు. అదీ పడిపోయింది. పైకి తీసి చూశాడు. గీత ఉంది. అంటే కొట్టువాడు మార్చలేదు. ఇక మిగిలింది ఇల్లు.

చిన్నబాబు సాయంత్రాలు కారులో కూర్చుని ఫోనుకు ఛార్జింగ్ పెట్టుకోవడం ఒకసారి చూశాడు. ఆ రోజే తాళం లాక్కుని మొలతాడుకు కట్టుకున్నాడు. అయినా బ్యాటరీ పడిపోతూనే ఉంది.

అవనిగడ్డలో కార్ల కరెంటు పని చేసే యేసుదాసు దగ్గరకు తీసుకెళ్లాడు. యేసుదాసు బ్యాటరీ నుంచి నెగటివ్ వైరు ఊడదీసి, ఆ వైరుకూ బ్యాటరీకీ మధ్య చిన్న బల్బు తగిలించాడు.

"తాళం తీసేసి ఉన్నప్పుడు కూడా బండి ఎక్కడైనా కరెంటు తాగుతుంటే ఈ బల్బు వెలుగుద్ది" అన్నాడు.

తలుపులు, డిక్కీ అన్నీ మూసి చూశారు. బల్బు వెలగలేదు.

"బండిలో దోషం లేదు రాజబాబు గారూ. రాత్రిపూట ఎవరన్నా వాడుతున్నారేమో చూసుకోండి."

రాజబాబు తల ఊపాడు. తను అనుకున్నదే ఇంకొకరి నోటి నుంచి వచ్చింది.

ఆ రాత్రి నాలుగు తలుపులకూ బానెట్‌కూ నూలుపోగులు అతికించాడు. బందరు వెళ్లే రోజు పొద్దున చూస్తే పోగులన్నీ ఉన్నాయి. బ్యాటరీలో ఛార్జింగ్ మాత్రం లేదు. నరసింహం గారి ఇంటికి వెళ్లేసరికి ఆయన అరుగు మీద కూర్చుని, వాచిన కాళ్ల వంక చూసుకుంటున్నాడు.

"ఏమయ్యా, మళ్లీనా? నీ కారుకన్నా నా కిడ్నీలే నయంలా ఉన్నాయే!"

"ఇంట్లో దొంగుంటే ఏం చేస్తామండీ?" అన్నాడు రాజబాబు. వెనక తలుపు తెరిచి పట్టుకున్న చిన్నబాబు ఆ మాట విన్నాడు.

ఇంటికి వచ్చాక దయామణి అడిగింది. "పోగులు తెగలేదుగా. ఇంకా వాడి మీదేంటండీ మీకు?"

"తీసి మళ్లీ అతికించడం ఎంతసేపు?"

"అట్టాగైతే నేనూ అతికించొచ్చుగా. నన్నూ అనండి."

రాజబాబు ఆ మాట పైకి అనలేదు. అనుకోకపోలేదు కూడా.

మరునాడు మధ్యాహ్నం చిన్నబాబు బ్యాగు సర్దుకుని వసారాలోకి వచ్చాడు. చేతిలో పాత ఇండికేటర్ బల్బు, దానికి రెండు వైర్ల ముక్కలు.

"పోతాలే బావా. గుడివాడలో ఏదో ఒక పని దొరక్కపోదు. కానీ దొంగోడనిపించుకుని పోను. రాత్రి కారు ఎట్టా పెడతావో అట్టా పెట్టి, నా ముందర ఒకసారి చూడు."

"యేసుదాసు చూశాడుగా."

"ఆయన కొట్టు దగ్గర చూశాడు. నీ పాకలో కాదు."

దయామణి గుమ్మంలోనే నిలబడింది. "చూడండి. వాడే అని తేలితే నేనే బస్సెక్కిస్తా" అంది.

రాజబాబు కారును పాకలోకి వెనక్కి పోనిచ్చాడు. డిక్కీ గోడ వైపు. తాళం తీశాడు. అద్దాలు ఎత్తాడు. తలుపులు వేశాడు. అలవాటు ప్రకారం డిక్కీ కడిగి గోనెపట్టా పరిచాడు. చేపల వాసనకు నరసింహం గారు ఒకసారి కారులోనే వాంతి చేసుకున్నాడు. అప్పటి నుంచి గాలి ఆడటానికి డిక్కీ మూత పూర్తిగా మూయడు. పూర్తిగా తెరిస్తే పిల్లులు దూరతాయి. అందుకని మూత కింద ఎండిన కొబ్బరి పీచు డొక్క ఒకటి అడ్డం పెడతాడు. ఇప్పుడూ పెట్టాడు.

చిన్నబాబు నెగటివ్ వైరు ఊడదీసి బల్బు తగిలించాడు.

వెలిగింది.

"నువ్వేం చేశావురా?" అన్నాడు రాజబాబు.

"నీ ముందరే ఉన్నాగా బావా! చేతులు కట్టెయ్ పోనీ."

రాజబాబు అతన్ని పక్కకు జరిపి వైర్లు తనే పట్టుకున్నాడు. అప్పుడూ వెలిగింది. ఒక్కొక్క ఫ్యూజూ పీకి చూడమన్నాడు. చిన్నబాబు పీకి, చూపించి, మళ్లీ పెడుతున్నాడు. లోపలి దీపాల ఫ్యూజు పీకగానే బల్బు ఆరిపోయింది. పెట్టగానే వెలిగింది. కారులో చూస్తే సీట్ల మీది దీపం వెలగడం లేదు.

దయామణి గోడకూ కారుకూ మధ్య సందులోకి వెళ్లి, డొక్క తీసి డిక్కీ నొక్కింది. బల్బు ఆరింది. మళ్లీ ఎత్తి పట్టా ఒక పక్కకు లాగింది. మూల చిన్న దీపం వెలుగుతోంది, దాని మీద ఎప్పటిదో చేప పొలుసు ఎండి అతుక్కుని ఉంది.

"ఇది వెలుగుద్దని నాకు తెలీదు" అన్నాడు రాజబాబు.

చిన్నబాబు వైరు బిగించి, చేతులు తుడుచుకుని, బ్యాగు కారు వెనక సీట్లో పడేశాడు. "రేపు నరసింహం గారితో పాటు నన్నూ ఎక్కించుకో. చల్లపల్లిలో దిగిపోతా. అక్కడి నుంచి గుడివాడ బస్సుంది."

పొద్దున కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. నరసింహం గారు ఎక్కుతూనే గడియారం చూసుకుని సంతోషించాడు. అవనిగడ్డ దాటింది. పులిగడ్డ దాటింది. రాజబాబు అద్దంలో రెండుసార్లు వెనక్కి చూశాడు. చిన్నబాబు బ్యాగు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు.

మోపిదేవి దాటాక రాజబాబు గొంతు సవరించుకున్నాడు.

"నరసింహం గారండీ. మొన్న ఇంట్లో దొంగ ఉన్నాడన్నానే. అది తప్పండి. డిక్కీ నేనే తెరిచి పెడుతున్నా. లోపల దీపం వెలిగి బ్యాటరీ దిగిపోతోంది. చిన్నబాబుకేం సంబంధం లేదు."

"డిక్కీ ఎందుకు తెరిచి పెట్టావయ్యా?"

"మీకు వాసన పడట్లేదనండి."

"బాగుంది! చివరికి నా మీదకే తెచ్చావూ?" అని నరసింహం గారు నవ్వి, దగ్గు తెరలో పడ్డాడు. చిన్నబాబు ఆయన వీపు రాశాడు.

చల్లపల్లి సెంటర్లో రాజబాబు కారు ఆపాడు. ఇంజను ఆపలేదు. గుడివాడ బస్సు ఎదురుగానే ఉంది. కండక్టరు కేకేస్తున్నాడు. రాజబాబు ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

"బండి పోనీ బావా" అన్నాడు చిన్నబాబు. "ఈయన్ని మెట్లెవరెక్కిస్తారు? బందరు దాకా వస్తా."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాతది తర్వాత. తాళం మొలతాడుకే ఉంచుకో. నాకొద్దు."

రాజబాబు గేరు వేశాడు.