నా ప్రింటు ఒక్కటే పాడవలేదు

పదిహేనేళ్లుగా ఒక ఫొటోను దాస్తున్నాను. బీరువాలో, పాత పంచె మడతల్లో ఉంది. ఎత్తి చూస్తే తులం బరువు కూడా ఉండదు. అయినా దాని కింద నలిగిపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. నా మీద జాలిపడే ఉద్దేశం ఉంటే ఇక్కడే ఆపెయ్యండి.

మాది మహబూబాబాద్. మిర్చి వ్యాపారం. నాకున్న పిచ్చల్లా ఫొటోలు కూడబెట్టడం. జనగామలో స్టూడియో ఉన్న ఒకాయన, పెళ్లిళ్ల పని లేనప్పుడు తనకోసం ఫొటోలు తీసుకునేవాడు. వాటికి ఆయనదొక కట్టుబాటు. ఏ ఫొటో అయినా ఐదే ప్రింట్లు. వెనక పెన్సిలుతో నంబరు, సంతకం. ఐదూ ఆరగానే నెగటివ్‌ను కత్తెరతో ముక్కలు చేసేవాడు. ఒకటో నంబరు ఫొటోలో ఉన్నవాళ్ల ఇంటికి ఊరికే ఇచ్చేవాడు. మిగతావి నాలాంటి వాళ్లకు.

ఆ ఒకటో నంబరు దగ్గరే నాకు ఒళ్లు మండేది. ఆయన ఫొటోలు అర్థమయ్యేది నాకు. ఇంటింటికీ తిరిగి పొగడింది నేను. వాళ్లేమో తీసుకెళ్లి పొయ్యి పక్క గోడకు మేకు కొట్టి తగిలిస్తారు. విలువ తెలిసినవాడికి రెండో నంబరా? అప్పట్లో నన్ను నేను విలువ తెలిసినవాడిననే అనుకునేవాణ్ని.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఆయన తీసిన ఫొటో ఒకటుంది. నర్మెట్ట యువకుడొకడు రైలు పట్టాల మీద నిలబడి పిడికిలెత్తి అరుస్తున్నాడు. ఆ ఉద్యమంలోనే అతని ప్రాణం పోయింది. వాళ్లింట్లో అతనిది ఇంకో ఫొటో లేదు. నాలుగేళ్ల తర్వాత ఒక ఎండాకాలం ఆయన దాన్ని ప్రింటు చేస్తుంటే పక్కనే ఉన్నాను. ఈ ఒక్కసారికి ఒకటో నంబరు నాకియ్యమని అడిగాను. అతని తల్లికే ఇస్తానన్నాడు. అప్పటికే కాగితాల వెనక నంబర్లు వేసి ఉన్నాయి. నాది రెండు.

ప్రింటును చివర్న హైపో అనే మందు నీళ్లలో ముంచుతారు. బొమ్మను నిలబెట్టేది అదే. కడక్కుండా వదిలేస్తే, కొన్నేళ్లకు బొమ్మను తినేసేదీ అదే. నీళ్లు పన్నెండుసార్లు మార్చి కడగాలనేది ఆయన పద్ధతి. జనగామలో ఎండాకాలం నీళ్లంటే వేరే చెప్పాలా? బావి నుంచి ఒక్కో బిందే మోసి పెట్టాడు. ఇంతలో ముందు గదిలోకి ఫొటో దిగడానికి ఎవరో వచ్చారు. కడిగే పని నాకప్పగించి వెళ్లాడు.

నాదాన్ని వేరే పళ్లెంలో పన్నెండుసార్లు కడిగాను. ఆ నాలుగింటినీ ఒక్కసారి ముంచి తీశాను. రేపు వాళ్లవన్నీ పోయి నాదొక్కటే మిగలాలి. అంతకుమించి నా బుర్రలో ఏమీ లేదు. మిగిలిన బిందెల నీళ్లు పెరట్లో పారబోశాను. తడి మీద ఐదూ ఒక్కలాగే ఉన్నాయి.

ఎనిమిదేళ్లకు ఆ తల్లి ఫొటో పట్టుకుని స్టూడియోకు వచ్చింది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. కాగితం పచ్చబడింది. పిడికిలి తెలుస్తోంది, ముఖం తెలియడం లేదు.

"నా కొడుకు మొకం పోతున్నది. మల్లొకటి తీసియ్యి బిడ్డా."

"నెగటివ్ లేదవ్వా. అప్పుడే కోసేసిన."

"ఎవలు కొయ్యమన్నరు నిన్ను? ఉన్న ఒక్కదాన్ని గూడ సంపినవా?"

ఆయన నా వైపు తిరిగాడు. "అన్నా, ఆ దినం నువ్వే కడిగినవు గద. పన్నెండుసార్లు మార్చినవా?"

"మార్చిన. నీ కాగితమే మంచిది గాదేమో."

"నీది ఎట్లున్నది మరి?"

"నాది గూడ గిట్లనే అయింది."

ఆమె ఆయన్ను తిట్టుకుంటూ ఫొటోను కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.  ఆ తర్వాత ఆయన తనకోసం ఒక్క ఫొటో తీసుకోలేదు.

నాది ఆమెకిచ్చేస్తే పోయేది కదా అంటారు. ఎట్లా ఇవ్వను? ఒకే రోజు, ఒకే కాగితం, ఒకే చేత్తో కడిగినవి. నాలుగు పచ్చబడి ఒకటి తెల్లగా ఉంటే, పసిపిల్లకైనా అర్థమవుతుంది. నేను దాన్ని గోడకు తగిలించలేదు, ఏ స్నేహితుడికీ చూపించలేదు. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. భయమే కారణమా? కాదు. ఆమెకివ్వడం అప్పటికీ నాకిష్టం లేదు. ఇదే అన్నిటికంటే నీచమైన సంగతి. రాయకుండా దాటేద్దామనుకున్నాను.

పోయినేడు ఆమె చనిపోయింది. చివరి రోజుల్లో ఆ పచ్చ కాగితాన్ని వేలితో తడుముతూ, ముఖం ఎక్కడుందని మనవరాలిని అడిగేదట.

నిన్న బీరువా తెరిచి చూశాను. అతని చొక్కాకు పై గుండీ లేదు. గడ్డం మీద చిన్న గాటు. అరుస్తున్న నోట్లో పన్ను మీద పన్ను. అన్నీ నిన్న తీసినట్టే ఉన్నాయి. చాలా శ్రద్ధగా కడిగాను.

ఆ నాలుగింటినీ పాడుచేసింది నేను. నాది కూడా పోయిందని అబద్ధమాడింది నేను. నన్ను క్షమించగలిగిన మనిషి లేదు, మిమ్మల్ని అడగను. రాశాను కాబట్టి కొంచెం ఊపిరి ఆడుతోంది.