గడ్డం దించు బావ ముందుగది

మా బావకి పెద్దవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది గాని, అది బ్యాంకువాళ్ళకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. అందరికీ ఆయన ‘గడ్డం దించు’. ఎవరిని కెమెరా ముందు కూర్చోబెట్టినా ఆయన నోట మొదట వచ్చే మాట అదే. పెళ్ళైన కొత్తలో మా అమ్మతో కూడా అన్నాడు, చేతిలో కెమెరా లేకుండానే. ఆయన మా అక్క మొగుడు కాబట్టి ఆటపట్టించే హక్కు నాకు అక్క పెళ్ళితోనే వచ్చింది. ఇక్కడ వాడుకునేది ఆ హక్కే.

బజారులో ఆయనకి అద్దె స్టూడియో ఉండేది. ఆ భవనం పడగొట్టి కొత్తది కడతామనేసరికి లైట్లు, వాటికి తగిలించే గొడుగులు, స్టాండ్లు బండిలో వేసుకుని ఇంటికి వచ్చేశాడు. “ఇంకో చోటు దొరికేదాకా ముందుగది వాడుకుంటానే. రెండు నెలలు, అంతే” అన్నాడు. అక్క సరేనంది. రెండేళ్ళు కావస్తోంది, ఆ రెండు నెలలు ఇంకా పూర్తి కాలేదు.

అక్క గురించి ఒక మాట చెప్పాలి. ఆమె పెద్ద బట్టల దుకాణంలో అమ్మకం పని చేస్తుంది. అక్కడ కొనేవాళ్ళకి మెత్తటి కుర్చీలు ఉంటాయి, అమ్మేవాళ్ళకి ఉండవు. పని లేనప్పుడు కూడా కూర్చోకూడదని యజమాని ఆజ్ఞ. సాయంత్రం నాలుగింటికి ఇంటికి వచ్చి, ముందుగది కిటికీ పక్కన పేముకుర్చీలో కూలబడి, కాళ్ళు ముక్కాలిపీట మీద చాపుకుని ఒక గంట ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ గంట కోసమే మిగతా రోజంతా లాక్కొచ్చేది.

బావ మొదట గోడ మీద పడ్డాడు. అది అక్క ముచ్చటపడి వేయించుకున్న లేత ఆకుపచ్చ రంగు. చిన్న గదిలో వెలుతురు ఎటు వేసినా గోడకి కొట్టుకుని తిరిగి మనిషి మీదే పడుతుందట, వచ్చేటప్పుడు గోడ రంగు కూడా మోసుకొస్తుందట. మొదటివారం ఫోటో దిగినవాళ్ళందరూ కామెర్లు వచ్చినట్టు పడ్డారు. దాంతో ఒక గోడ బూడిద రంగైంది, పైకప్పు తెల్లనైంది, ఇంకో గోడకి నల్లగుడ్డ వేలాడింది. నల్లగుడ్డ ఎందుకు బావా అంటే, “ఒక చెంప మీద నీడ ఉండాలి మరదలా. రెండు చెంపలూ వెలిగిపోతే మనిషికి లోతుండదు” అన్నాడు. ఆ నీడ కోసం అక్క పుస్తకాల అల్మరా వరండాలోకి పోయింది.

తర్వాత నేల. ఉన్న పలకలు నున్నగా మెరుస్తాయి, వాటిలో గొడుగు లైటు తలకిందులుగా కనబడుతుంది. కాబట్టి చెక్కలా కనిపించే వినైల్ షీటు తెచ్చి పరిచాడు. చుట్టగా వచ్చింది కదా, మూలలు లేచి నిలబడ్డాయి. వాటిని అణచడానికి ఒక మూల బియ్యం డబ్బా, ఒక మూల ఖాళీ గ్యాస్ సిలిండరు, మిగతా రెండు మూలల్లో నన్నూ అక్కనీ నిలబెట్టాడు. అది ఒదిగి కూర్చున్నాక ఇంక దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదని కట్టడి చేశాడు. అక్క సొంత ఇంట్లో గోడవారగా పక్కకి నడవడం నేర్చుకుంది.

అసలు దెబ్బ కిటికీకి తగిలింది. ఎండ చెప్పిన మాట వినదు, గంటకో రంగు మారుస్తుంది, మబ్బు పడితే మొహం చాటేస్తుంది. అందుకని పడమటి కిటికీని చెక్కతో మూసి మేకులు కొట్టాడు. పక్క గోడకి చక్కటి చట్రం, గాజు బదులు పల్చటి తెల్లగుడ్డ, దాని వెనక లైటు పెట్టి కొత్త కిటికీ ఒకటి తయారుచేశాడు. అందులోంచి పొద్దున్న తొమ్మిదికీ, రాత్రి ఎనిమిదికీ కూడా సాయంత్రపు ఎండే వస్తుంది. దాని పక్కన ప్లాస్టిక్ మొక్క, అక్క పేముకుర్చీ. కుర్చీలో కస్టమర్లు తప్ప ఎవరూ కూర్చోకూడదు, అల్లిక సాగుతుందట.

ఇంత చేసినా మనిషి నిలువెత్తున పట్టాలంటే వెనక్కి జరగడానికి చోటు చాల్లేదు. గదికి ఎదురుగా ఉన్నది బాత్రూమ్. కెమెరా స్టాండు అందులోకి పోయింది. అప్పటినుంచి పెద్దపెద్ద ఉద్యోగస్థులు సూటు వేసుకుని బాత్రూమ్ వైపు చూసి దర్జాగా నవ్వుతున్నారు. ఆ సమయంలో ఇంట్లోవాళ్ళకి ఎంత అవసరం వచ్చినా నేను ఉండే వెనక వీధికి పరుగెత్తుకు రావాల్సిందే. పడగ్గది కస్టమర్లు బట్టలు మార్చుకునే చోటు, మంచం నిండా లైట్ల పెట్టెలు. వంటింట్లో రెండు స్టూళ్ళు ఉండేవి, వాటి మీద లైట్లు నిలబెట్టాడు.

ఆ ముందుగది ఫోటోలు చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. ఇంట్లో హాయిగా కూర్చున్నట్టు ఉంటుందని, మేడలూ హాళ్ళూ ఉన్నవాళ్ళు కూడా వచ్చి దిగేవాళ్ళు. ఒకావిడ వెళ్తూ వెళ్తూ, వంటింటి గుమ్మంలో నిలబడి టీ తాగుతున్న అక్కతో, “ఇలాంటి ఇంట్లో ఉండటం మీ అదృష్టం” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మాత్రం ఖాళీ కప్పు పట్టుకుని ఆ కుర్చీ వైపే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు నా దగ్గరికి వచ్చి, “మీ ఆఫీసులో ఎవరి చేతైనా ఆయనకి ఫోన్ చేయించు. రేపు నాలుగు నుంచి అయిదుదాకా ఒకావిడ ఫోటో దిగుతుందని చెప్పించు” అంది. చెప్పించాను. బావ సరిగ్గా నాలుగింటికి లైట్లన్నీ వేసి, షీటు తుడిచి, బాత్రూమ్‌లో సిద్ధంగా నిలబడ్డాడు. తలుపు తీసుకుని వచ్చింది అక్క, వెనకే నేను.

“ఇప్పుడు కాదే, కస్టమర్ వస్తున్నారు” అన్నాడు.

“నేనేనండీ ఆ కస్టమర్ని” అంది అక్క. చెప్పులతోనే వినైల్ షీటు మీద నడిచి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. “ఫోటో అక్కర్లేదు. ఈ గంట నాది.”

ఆవిడ కాళ్ళు పీట మీద పెట్టింది, వెనక్కి వాలింది, రెండు నిమిషాల్లో నిద్రపోయింది. చెప్పకుండానే గడ్డం దానంతటదే దిగింది. బావకి కోపం వచ్చిందో లేదో తెలీదు గాని, చెయ్యి ఊరుకోలేదు, మీట నొక్కాడు. నిజం చెప్పాలి, అంత మంచి ఫోటో ఆయన జన్మలో తీయలేదు. చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆయనకి మాత్రం అది వీధి వైపు అద్దాల పెట్టెలో పెట్టాలనిపించింది.

ఇంక జనం ఎగబడ్డారు. అందరికీ అలాంటిదే కావాలి. ఏ పనీ చేయని ఒకాయన ‘జీవితమంతా శ్రమించినట్టు’ కావాలన్నాడు. ఇద్దరు దంపతులు కలిసి అలసిపోతామన్నారు. అక్కకి ఆ కుర్చీ మరీ దూరమైపోయింది, తన నిద్రే తన చోటు లాగేసుకుంది.

చివరికి ఒక సాయంత్రం బట్టల దుకాణం యజమాని వచ్చాడు. అవును, ఆయనే. దుకాణం వార్షికోత్సవానికి తన ఫోటోతో పెద్ద బొమ్మ వేయిస్తాడట. వస్తూనే అద్దాల పెట్టె ముందు ఆగి, “ఎవరండీ ఈవిడ? ఆ మొహంలో కష్టం ఎంత బాగా పడిందో. నాకు సరిగ్గా అదే కావాలి” అన్నాడు. తన దుకాణంలో ఎన్నో ఏళ్ళుగా నిలబడుతున్న మనిషిని గుర్తుపట్టలేదు.

ఆయన కుర్చీలో వాలాడు. బావ గడ్డం దించమన్నాడు, భుజాలు వదిలేయమన్నాడు, లైటు తగ్గించాడు, నల్లగుడ్డ దగ్గరికి జరిపాడు. ఎన్ని తిప్పలు పడ్డా ఆ మొహంలో భోజనం చేసిన తృప్తి తప్ప మరొకటి కనబడలేదు. బావకి తల ప్రాణం తోకకి వచ్చింది. అప్పుడే దుకాణం నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో నాతో పాటు నిలబడి ఉన్న అక్కని చూసి ప్రాణం లేచొచ్చినట్టు పిలిచాడు.

“ఏమే, ఆ రోజు ఎలా కూర్చున్నావో సారుకి ఓసారి చూపించు.”

అక్క గుమ్మంలోంచి ముందుకొచ్చింది. “చూపిస్తాను. సారు లేవాలి. ఆ దొంగ లైటు తీసేయండి, కిటికీ చెక్క ఊడదీయండి.”

ఫోటో కోసమే అనుకుని బావ సుత్తి తెచ్చి మేకులు పెరికాడు. రెండేళ్ళకి ఆ గదిలోకి అసలు ఎండ వచ్చి షీటు మీద పడింది. అక్క కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపింది, కళ్ళు మూసుకుంది.

యజమాని కాసేపు పరీక్షగా చూసి, “ఇది ఎలా వస్తుందమ్మా?” అని అడిగాడు, నిజంగా తెలుసుకోవాలనే.

“ముందు నిలబడాలండీ,” అంది అక్క కళ్ళు తెరవకుండానే. “మా వంటింట్లో ఒక గంట నిలబడండి, అదే వస్తుంది. ఈలోగా నేను ఇక్కడే ఉంటాను.”

బొమ్మ బాగా రావాలనే ఆశ ఎంతటివాడి చేతైనా ఏ పనైనా చేయిస్తుంది కాబోలు, ఆయన వెళ్ళి నిలబడ్డాడు. మర్యాదకి బావ కూడా తోడు నిలబడ్డాడు. కాసేపటికి ఆయన ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ, “ఒక కుర్చీ ఏదైనా వేయించండి” అన్నాడు. బావ స్టూళ్ళ వైపు చూశాడు, వాటి మీద లైట్లు. పడగ్గదిలోకి వెళ్ళాడు, మంచం మీద పెట్టెలు. బాత్రూమ్‌లోకి తొంగిచూశాడు, కెమెరా స్టాండు. మళ్ళీ వంటింట్లోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నన్నడిగాడు.

“ఇదేంటి మరదలా, ఇంట్లో కూర్చోడానికి ఎక్కడా చోటే లేదా?”

బదులు చెప్పాల్సిన మనిషి అప్పటికే నిద్రపోయింది.