పెద్దన్న జ్వరానిది ఏ ఊరు?

మా జిల్లాలో సహపంక్తి భోజనాలు చాలా చూశాను. కరపత్రాలు పంచేవాళ్ళం, వేదిక మీద గొంతు చించుకునేవాళ్ళం, అందరం ఒకే వరుసలో కూర్చుని తినేవాళ్ళం. ఫొటో దిగాక ఎవరిళ్ళకు వాళ్ళు పోయేవారు. మర్నాడు ఊరి హోటల్లో గ్లాసులు మళ్ళీ రెండు రకాలుగానే ఉండేవి. సభ, కరపత్రం ఏవీ లేకుండా ఆ పని జరిగిపోవడం నేను మొదటిసారి చూసింది సౌదీలో, కొండల మీది అభా పట్నం చివర ఒక మెయింటెనెన్స్ కంపెనీ క్యాంపులో.

నేను ఆ ఊరి ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియన్ని. శుక్రవారం సెలవు కాబట్టి మధ్యాహ్నం భోజనానికి ఆ క్యాంపుకు పోయేవాణ్ణి. నేను వెళ్ళే గదిలో ముగ్గురుండేవారు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ప్లంబర్‌ని అందరూ పెద్దన్న అనేవారు. నిజామాబాద్ వైపు వడ్రంగి ఆయనకంటే చిన్నవాడు. మూడోవాడు హైదరాబాద్ పాతబస్తీ డ్రైవరు, వంట ఆయనదే. అరబ్బుల దగ్గర నేర్చిన పద్ధతిలో నేల మీద ప్లాస్టిక్ షీటు పరిచి, మధ్యలో ఒకే పెద్ద పళ్ళెం పెట్టేవారు. మటన్ కలిపిన అన్నం గుట్టగా పోసి, చుట్టూ అందరం కూర్చునేవాళ్ళం. ఆ అన్నం మీద పెద్దన్న తాను చేసిన పచ్చిపులుసు పోసేవాడు. అరబ్బులు చూస్తే ఏమనుకునేవారో గానీ మాకు మాత్రం అమృతంలా ఉండేది.

ఎవరి ముందున్నది వాళ్ళు తినాలి. కానీ పెద్దన్న తన వైపున్న మెత్తటి ముక్కలను వేళ్ళతో విడదీసి, ఎదుటివాళ్ళ వైపు నెట్టేవాడు. ఎవరిది ఏ కులం, ఏ మతం అని ఆ పళ్ళెం అడగలేదు. నేను దాని గురించి ఉపన్యాసం మొదలుపెడితే డ్రైవరు చేయెత్తేవాడు.

"తక్రీర్ తర్వాత సాబ్. ముందు ఖానా."

ఆ ఏడు పెద్దన్న సెలవు మీద ఇంటికి పోయి వచ్చాడు. వచ్చాక కొన్ని వారాలకు జ్వరం పట్టుకుంది. వణుకు, చెమటలు. మా ఆస్పత్రికే తెచ్చారు. ఆ రక్తపు స్లైడు నేనే చూశాను. ఎర్ర కణాల్లో సన్నటి ఉంగరాలు కనిపించాయి. మలేరియా. అందులోనూ మెదడుకు ఎక్కే చెడ్డ రకం. వెంటనే మందులు పడ్డాయి కాబట్టి కోలుకున్నాడు. ఆయన లేచి తిరుగుతుండగా వడ్రంగి మంచం పట్టాడు. అదే జ్వరం, అదే రకం.

తర్వాతి శుక్రవారం గదిలోకి అడుగుపెట్టగానే నా కంట పడింది స్టీలు కంచం. కొత్తది. తలుపు పక్కన ఒంటరిగా కూర్చుని పెద్దన్న అందులో తింటున్నాడు. పెద్ద పళ్ళెం చుట్టూ వడ్రంగి, డ్రైవరు తల వంచుకుని కూర్చున్నారు.

నా ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళో రెండు గ్లాసులు పెట్టినవాళ్ళకూ మీకూ తేడా ఏమిటని అడిగాను. సముద్రం దాటి వచ్చారు గానీ అంటును మాత్రం సంచిలో సర్దుకుని తెచ్చుకున్నారన్నాను. మలేరియా దోమ వల్ల వస్తుంది, ఎంగిలి వల్ల కాదు, ఇది మూడో తరగతి పాఠం అన్నాను. ఇంకా అనేవాణ్ణే.

"ఆగుండ్రి సాబ్," అన్నాడు డ్రైవరు. "ఆ ప్లేటు మేము ఇయ్యలే. ఆయననే బజార్ల కొనుక్కొచ్చిండు. వద్దన్నా ఇంటలేడు. మీ తక్రీర్ అటు దిక్కు తిప్పుండ్రి."

నేను పెద్దన్న వైపు తిరిగాను.

"నేను తెచ్చిన జరం సారూ," అన్నాడాయన నెమ్మదిగా. "సెలవుల అడివి పక్క ఊరికి పెండ్లికి పోయిన. ఆడ ఇంటింటికి జరాలే. అది నా ఒంట్ల వడి వచ్చింది. వీడు ఏండ్ల సంది ఇంటి మొఖం సూడలే. వీనికెట్ల వస్తది, నా నుంచి గాకపోతే?"

"కంచంతో రాదు పెద్దన్నా."

"దోమతోనే వచ్చిందనుకో. నన్ను కుట్టిన దోమ వాణ్ణి కుట్టింది. తెచ్చిందైతే నేనే గదా?"

"అభా చలికి ఆ దోమ బతకదు."

"మరి వీనికెట్ల వచ్చింది?"

నేను ఆయన పక్కన చతికిలబడ్డాను. ఆయన కంచంలోకి చూస్తూ అన్నాడు: "దూరముంటే నష్టమేంది సారూ?"

నా వాదాలన్నిటికీ ఎప్పుడూ అడ్డుపడిన ప్రశ్న అదే. తాయెత్తు కట్టుకుంటే నష్టమేంది, దిష్టి తీస్తే నష్టమేంది. అప్పుడు నేను గొంతు పెంచేవాణ్ణి. ఈయన మీద పెంచలేకపోయాను. ఇది భయంతో అడిగింది కాదు. వాళ్ళకు ఇంకేమీ కాకూడదన్న ప్రేమ.

అసలు నష్టం తర్వాత బయటపడింది. అవి నితాఖత్ రోజులు. సౌదీ ఉద్యోగులు ఎంతమంది ఉన్నారో చూసి ప్రభుత్వం కంపెనీలకు రంగులు వేసేది. సరిపడా ఉంటే గ్రీను, తక్కువైతే రెడ్డు. రెడ్డులో పడితే పరదేశి కార్మికుల ఇక్కామాలు, అంటే నివాస పర్మిట్లు, రెన్యువల్ కావు. పైగా వాళ్ళ మీద తలకింతని కట్టే లెవీ పెరగబోతోందని అప్పటికే వార్తలు. వీళ్ళ కంపెనీ రెడ్డులో ఉంది, మనుషులను తగ్గిస్తోంది. ఫైనల్ ఎగ్జిట్ మీద, మళ్ళీ రాకుండా పోయేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పమని క్యాంపు బాసు గదిగదికీ అడిగాడు.

"నా పేరు చెప్పిన," అన్నాడు పెద్దన్న. "నెలాఖరుకు సంతకం. బీమారి తెచ్చినోడు పోవుడే మంచిది."

పోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు. బోరు ఎండిన పొలం, చదువు సగంలో ఉన్న కూతురు. అయినా పోతానన్నాడు. వడ్రంగి అన్నం వదిలేసి చేయి కడుక్కున్నాడు. డ్రైవరు మాత్రం "పాగల్ హో గయా అన్న" అని గొణిగాడు.

మా ల్యాబు డాక్టరమ్మ ఆ ఊరి ఆవిడే. మలేరియా తేలిన ప్రతి రోగి రక్తపు చుక్కనూ దళసరి కాగితం మీద ఆరబెట్టి రియాద్‌కు పంపేది. అక్కడ పరాన్నజీవి జన్యువులు చదివేవారు. జ్వరాలతో దేశదేశాల మనుషులు వచ్చే చోట, ఏ జ్వరం బయటి నుంచి వచ్చింది, ఏది ఇక్కడే అంటుకుంది అని తెలియడం అవసరం. పాత మాత్రకు లొంగకుండా ఈ పరాన్నజీవి తన జన్యువులో ఒక మార్పు చేసుకుంది. ఆ మార్పు మన దేశంలో ఎక్కువగా ఒక తీరులో కనిపిస్తుంది, ఎర్ర సముద్రపు ఈ ఒడ్డున ఇంకో తీరులో. ముక్కు చూసి ఫలానా ఇంటివాడని పోల్చినట్టు దాన్ని చూసి పోల్చవచ్చు. పెద్దన్న సంగతి చెప్పి, ఆ ఇద్దరి ఫలితాలూ వచ్చాయా అని ఆవిడను అడిగాను.

కొన్నాళ్ళకు పిలిచింది.

"రెండూ ఒకే తీరువి," అంది.

పెద్దన్న మాటే నిజమా?

"మొహం అలా పెట్టకు. రెండూ ఈ తీరానివి. మీ దేశపు తీరు ఒక్కదానిలోనూ లేదు. ఇది పోలిక మాత్రమే, ప్రమాణం కాదు. వాళ్ళు కొండ దిగి తిహామాకు వెళ్ళారేమో కనుక్కో. అక్కడి ఆరోగ్య సిబ్బందికి నేను కబురు చేయాలి."

అభా నుంచి ఘాట్ రోడ్డు దిగితే సముద్రం వైపు వేడిగా ఉండే పల్లపు నేల తిహామా. అక్కడ ఆ దోమ ఉంది. ఆ శుక్రవారం ఉపన్యాసం మానేసి ప్రశ్నలతో మొదలుపెట్టాను.

"జ్వరాలకు ముందు ఎక్కడ పనిచేశారు?"

"కింద, తిహామాల," అన్నాడు వడ్రంగి. "పెద్దన్న సెలవు నుంచి రాంగనే ఇద్దర్ని పంపుహౌసు పనికి తోలిండ్రు."

"రాత్రి ఎక్కడ పడుకున్నారు?"

"మిద్దె మీద. లోపట కరెంటు లేకుండె."

"దోమలు కుట్టలేదా?"

"ఎడారి దేశంల దోమలేంది సారూ! ఏవో పురుగులు కుట్టినయి గంతే."

"పురుగులంట!" డ్రైవరు తొడ మీద చరుచుకున్నాడు. "దోమకు దోమ అని పేరు పెట్టాల్నంటే అది జగిత్యాలనే పుట్టాల్నా రా?"

నేను డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. పెద్దన్న చేతిలో ముద్ద ఆగిపోయింది.

"పెండ్లికాడి జరం కాదా?"

"దాని పోలిక దీనికి లేదు. కింద తీరం జ్వరాల పోలికే ఉంది. మీరిద్దరూ ఆ మిద్దె మీదే పడుకున్నారు. నువ్వు తేలేదు పెద్దన్నా. నీకు ఇక్కడే అంటుకుంది."

"పక్కానా?"

"డాక్టరమ్మ ఒట్టు పెట్టదు. నేనూ పెట్టను. కానీ నన్నడిగితే, ఇంతకంటే మంచి సాక్ష్యం నీ దగ్గరుంటే చూపించు."

డ్రైవరే మొదట తేరుకున్నాడు.

"అంటే ఈ జరం అసల్ సౌదీ! పెద్దన్నా, ఎగ్జిట్ ఎందుకు? ఆ పురుగులను కంపెనీల భర్తీ చెయ్యమని బాసుకు చెప్పు. నితాఖత్ లెక్కకు పనికొస్తయి, పొద్దుగూకేసరికి కంపెనీ గ్రీన్ అయితది!"

వడ్రంగి నవ్వీ నవ్వీ దగ్గాడు. పెద్దన్న నవ్వలేదు. ఫోను తీసి బయటికి పోయాడు. బాసుకు చేస్తున్నాడేమో అనుకున్నాను. తలుపు సందులోంచి మాటలు వినపడ్డాయి. "బిడ్డా, పెండ్లికాడికెళ్లి వచ్చినంక మీకు ఎవ్వరికి జరం రాలే గదా? రాలేదా? మంచిది." అన్ని వారాలూ ఆ భయం కూడా మోస్తున్నాడని మాకెవరికీ తెలియదు. ఆ తర్వాత బాసుకు చేశాడు. వచ్చీరాని హిందీలో, తన పేరు తీసేయమని గట్టిగా చెప్పాడు.

కంపెనీ తన లెక్క తాను చూసుకుంది. తర్వాత లెవీ పెరిగాక ఆ క్యాంపు చాలావరకు ఖాళీ అయింది. పెద్దన్నా పోయాడు, అందరితో పాటే, అందరిలాగే. జ్వరం తెచ్చినవాడిగా కాదు.

ఆ శుక్రవారం మాత్రం ఫోను జేబులో పెట్టుకుని లోపలికి వచ్చి, పెద్ద పళ్ళెం దగ్గర వడ్రంగిని మోకాలితో జరిపి కూర్చున్నాడు. స్టీలు కంచంలో డ్రైవరు ఉల్లిగడ్డ, నిమ్మకాయలు కోసి పెట్టాడు. మనిషి తనకు తాను అంటు పెట్టుకునే దేశం గురించి నేను మొదలుపెట్టబోయాను. పెద్దన్న తన వైపున్న మెత్తటి ముక్కను విడదీసి, పచ్చిపులుసులో తడిపి, నా వైపు నెట్టాడు.

"తిను సారూ. మాట్లాడింది సాలు."