ఉప్పు చూసిన పిల్ల

పొయ్యి మీంచి గిన్నె దించాలంటే మసిగుడ్డ పట్టుకుంటాం. ఈ మాటను మాత్రం కరోనా వచ్చిన ఏడాది నుంచి ఉత్త చేతులతో పట్టుకుని తిరుగుతున్నాను. ఎక్కడా దించలేదు. దేవుడికి చెబుదామని గుడికి పోయి, చెప్పలేక వేరే ఏదో మొక్కుకుని వచ్చాను. నాకు నా పేరు తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే హాస్టల్లో తెలుగొచ్చిన ఒక అమ్మాయి రాస్తోంది. మీరెవరో నాకు తెలియదు. తెలియని వాళ్ళకైతేనే చెప్పగలను.

నేను సూరత్‌లో ఒక చిన్న కాలేజీలో, ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తాను. మాది తెలంగాణలో ఒక పల్లె. నా భర్త ఇక్కడ మగ్గాల కార్ఖానాలో పనిచేసి, ఇక్కడే పోయాడు. పిల్లాజెల్లా లేనిదాన్ని, ఊరికి పోయి ఎవరి గడపలో కూర్చోను? ఇక్కడికి దగ్గర్లోనే వడోద్ పేటలో ఇంకొందరు ఆడవాళ్ళతో కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, పొద్దున వచ్చి వండి, రాత్రికి వెళ్ళిపోయేదాన్ని.

అంతలో లాక్‌డౌన్ వచ్చింది. దారి దొరికిన పిల్లలు ఇళ్ళకు పోయారు. దొరకనివాళ్ళు కొందరు మిగిలారు. వార్డెన్‌ను ఇక్కడ అందరూ బెన్ అంటారు, అంటే అక్క. ఆమె నన్ను పిలిచి, "మాసీ, నువ్వు కూడా ఇక్కడే ఉండిపో. గేటు దాటొద్దు" అంది. పై అంతస్తులో గది ఇచ్చింది. మంచం, కిటికీ, గోడకు అల్మారా. బుద్ధెరిగాక ఒక గదిలో తలుపు వేసుకుని నేనొక్కదాన్నే పడుకోవడం అదే మొదలు. అందరి తలుపుల మీద ఉన్నట్టే నా తలుపు మీద కూడా పిల్లలు నా పేరు కాగితం మీద రాసి అతికించారు. మీరు నవ్వుతారేమో. తలుపు తీసే ముందు రోజూ ఆ అక్షరాల మీద వేలు పెట్టేదాన్ని. ఊరంతా చావు భయంలో ఉంటే నేను సుఖపడ్డాను. ఆ సుఖం పోతుందన్న భయమే నాచేత ఆ పని చేయించిందా? లేక నేను ముందు నుంచీ అంతేనా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ మిగిలిన పిల్లల్లో రజిత ఉంది. మన తెలంగాణ నేతగాళ్ళ పిల్ల, సూరత్ బయట పల్సానాలో పెరిగింది. చుట్టాల పెళ్ళికని ఊరికి పోయిన అమ్మానాన్న అక్కడే చిక్కుకుపోయారు. అందరి ముందు నన్ను ఇక్కడివాళ్ళలా మాసీ అనేది, అంటే పిన్ని. మేమిద్దరమే ఉంటే పెద్దమ్మా అనేది. వంటింట్లోకి తొంగిచూసి మొదలుపెట్టేది.

"గీ పప్పుల బెల్లమేసుడు ఏంది పెద్దమ్మా? ఇది పప్పా, పాయసమా?"

"నోరు మూసుకొని తిను. ఈ గుజరాతీ పోరీలకు గిట్లనే ఇష్టం."

"ఒక్కనాడు పచ్చిపులుసు చెయ్యరాదె. మన మిర్చి దెబ్బ చూపిద్దాం."

"చూపిస్తే తెల్లారి బాత్రూం లైన్ల నువ్వే నిలవడాలె."

అట్లా నవ్వుకునేవాళ్ళం. నాకు కడుపున పుట్టినవాళ్ళు లేరన్న సంగతి ఆ రోజుల్లో నాకు గుర్తు రాలేదు.

వడోద్‌లో నా పక్కగదిలో ఒకామె ఉండేది. నా భర్త పోయినప్పుడు నా నోట్లో అన్నం ముద్ద పెట్టిన మనిషి. రైలు దొరికింది, ఊరికి పోతున్నామని ఫోన్ చేసింది. మళ్ళీ చూస్తానో లేదో. కూరగాయలు తీసుకోవడానికి వెనక గేటు తాళం నా దగ్గరే ఉండేది. నడిచిపోయేంత దూరమే. ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను. ఆమె దగ్గుతోంది. అయినా పట్టుకుని ఏడ్చాను. వచ్చి తలస్నానం చేసి పొయ్యి వెలిగించాను. అంతే, అయిపోయిందనుకున్నాను.

కొన్నాళ్ళకు ఒళ్ళు వెచ్చబడి తగ్గిపోయింది. ఆ తర్వాత ఒకనాడు పోపు మాడింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను, నాకు తెలియలేదు. రజిత పరుగున వచ్చి స్టవ్ ఆర్పింది.

"ముక్కు యాడ పారేసుకున్నవ్ పెద్దమ్మా? మెట్ల దాంక ఘాటు కొడుతుంది!"

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె పోయాక వెల్లుల్లి దంచి వాసన చూశాను. ఇంగువ డబ్బా తెరిచి ముక్కుకు ఆనించుకున్నాను. ఏమీ లేదు. వాసన పోతే ఆ రోగమేనని పిల్లలు ఫోన్లో చూసి చెప్పుకుంటుంటే అంతకుముందే విన్నాను. కాబట్టి తెలియక చేశానని మీతో అనడానికి లేదు. తెలుసు.

ఆ క్షణమే బెన్ దగ్గరికి పోవలసింది. పోతే నన్ను పంపేస్తారు. ఎక్కడికి? దగ్గిన మనిషిని వడోద్‌లో గది యజమాని గడప తొక్కనివ్వడం లేదు. ఆసుపత్రికి పోయినవాళ్ళు తిరిగి రావడం లేదని అందరూ అంటున్నారు. రేపు చెబుదాం అనుకున్నాను. కానీ వంట ఆగదు కదా. నాలుకకు ఉప్పు తెలియడం లేదు. ఉప్పు తప్పితే దొరికిపోతాను. అప్పుడు పిలిచాను.

"రజితా, జర ఉప్పు చూడు బిడ్డా."

ఆ రోజు నుంచి రోజూ పిలిచాను. ఎంగిలి కాకూడదని గరిటెతో అరచేతిలో పోసేదాన్ని. చూశారా నా మడి! పొయ్యి సెగకు ఇద్దరం మాస్కులు గడ్డం కిందకు లాక్కుని, మొహంలో మొహం పెట్టి మాట్లాడుకునేవాళ్ళం. ఆ పిల్ల ఎంత మురిసిపోయిందని! "నేను లేకుంటే మాసీకి ఉప్పే తెల్వది" అని అందరికీ చెప్పుకుంది.

రజితకు జ్వరం వచ్చింది. వెనకే ఆమె గదిలో ఉండే పిల్లకు వచ్చింది. అంతకు కొన్ని రోజుల ముందు పల్సానా నుంచి రజిత మేనమామ సకినాలు తెచ్చి గేటు సందులోంచి ఇచ్చి పోయాడు. అందరికీ ఆ సంచే గుర్తొచ్చింది. బెన్ అందరినీ భోజనాల హాల్లో దూరదూరంగా నిలబెట్టింది.

"నీ సకినాల కోసం మమ్మల్ని చంపుతావా?" అని ఒక పిల్ల హిందీలో అరిచింది.

బెన్ నా వైపు తిరిగింది. "మాసీ, నీకేమైనా జ్వరం, దగ్గు?"

"నాకేం లేదు బెన్. మంచిగున్నా."

"ఈమె గేటు దగ్గరికి పోవడం నువ్వు చూశావా?"

రజిత నన్నే చూస్తోంది. పెద్దమ్మ నా పక్షాన ఒక మాట అంటుందని చూస్తోంది.

"చూశాను" అన్నాను.

మొదటిది అబద్ధం. రెండోది నిజం. ఆ నిజాన్నే నేను రాయిలా విసిరాను.

బండి వచ్చి ఆ ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకుపోయింది. రజిత పరుపు చుట్టి మిద్దె మీద ఎండకు పడేశారు. ఆమె తలుపు మీది పేరు కాగితం చింపేశారు. నా తలుపు మీద నా పేరు అట్లాగే ఉంది. ఒక పొద్దున జీలకర్ర చిటపటమంటుంటే వాసన తగిలింది. సంతోషంతో ఏడ్చాను. ఏడుస్తూనే గుర్తొచ్చింది, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉందని.

ఇద్దరూ బతికి వచ్చారు. అందుకు రోజూ దండం పెట్టుకుంటాను. రజిత చిక్కిపోయి వచ్చింది. చివరి గదిలో ఒక్కదాన్నే ఉంచారు. తను ఒక్కొక్క పిల్ల గది ముందూ నిలబడి తప్పయిందని చెప్పుకుంది. ఆఖరున వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చింది. లోపలికి రాలేదు.

"పెద్దమ్మా, రోజూ నీ దగ్గరికొచ్చి ఉప్పు చూసిన. నీకు అంటుకుంటే ఏమయ్యేదో. నన్ను మాఫ్ చెయ్యి."

అప్పుడైనా చెప్పాలి కదా? నోరు తెరిచాను. వచ్చిన మాట ఇది: "పో బిడ్డా. అయ్యిందేదో అయ్యింది. నా మనసుల ఏం లేదు."

నా తప్పుకు నేనే ఆమెను క్షమించాను. ఆమె కళ్ళు తుడుచుకుని దండం పెట్టింది. నేను తీసుకున్నాను.

రజిత ఇప్పుడు పల్సానాలో చీరల మీద బొమ్మలు వేసే పని చేస్తోంది. పండగలకు నన్ను చూడటానికి వస్తుంది, సకినాలు తెస్తుంది. నేను పిలిచేదాకా గుమ్మం దగ్గరే నిలబడుతుంది. పదిమందిలో అందరికంటే చివర తింటుంది. ఆ అలవాటు నేను అంటించిందే.

నాకు దక్కినవన్నీ మంచివే. ఆ గదిలోనే ఉన్నాను, అదే మంచం, అదే కిటికీ. బెన్ మేలు మరువలేను, నా పేరు రాసిన పిల్లలను మరువలేను, కొత్తగా వచ్చే పిల్లలూ మాసీ మాసీ అని చుట్టూ తిరుగుతారు. ఇంత దయ ఉన్న చోట నిజం చెప్పి ఉంటే నిజంగా బయటికి తోసేవాళ్ళా? ఏమో. అడిగి చూసే ధైర్యమే నాకు లేకపోయింది.

మీతో చెప్పగలిగాను కాబట్టి, ఈసారి రజిత వచ్చినప్పుడు ఈ కాగితం ఆమె చేతికే ఇస్తాను. క్షమించమని అడగను. అడిగితే వెంటనే క్షమిస్తుంది, ఆ పిల్ల గుణం నాకు తెలుసు. అంత సులువుగా నాకు వద్దు.

రాసే అమ్మాయి ఇందాకటి నుంచి తల ఎత్తడం లేదు. చివరి మాట ఒక్కటి రాసి, నాకు చదివి వినిపించమన్నాను. మెల్లగా చదివింది.

"రోగం తెచ్చింది నేను. రజిత కాదు."

ఇన్నేళ్ళు నా లోపలే తిరిగిన మాట. ఇంకొకరి నోట బయట వినపడటం ఇదే మొదలు. ఇంకోసారి చదవమన్నాను.