బోరేజ్ పూసిన గట్టు

అక్క కాకర పందిరి కింద పిందెలు పసుపుబారి రాలిపోతుంటే, ఆ తప్పు నాదేనని ఆమెతో చాలాకాలం చెప్పలేకపోయాను.

అవి రెండువేల ఆరు, ఏడు ప్రాంతపు రోజులు. నేను తాడేపల్లిగూడెంలో జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. అక్కా బావా నల్లజర్ల అవతల ఎకరం ఎర్రనేలలో కూరగాయలు పండించేవారు. "గట్టు శుభ్రంగా లేకపోతే పురుగు చేరుతుందక్కా" అని చెప్పి, గట్టు మీది తుమ్మి మొక్కల్నీ పూల తీగల్నీ గడ్డిమందుతో మాడ్పించింది నేనే. చదువుకున్న తమ్ముడి మాట కదా, వాళ్ళు ఎదురు చెప్పలేదు. మరుసటేడు పందిరి మీద తేనెటీగ అన్నదే కనిపించలేదు. అక్క తెల్లవారగానే మగపువ్వులు కోసి, ఒక్కొక్క ఆడపువ్వుకూ పుప్పొడి అద్దుతూ పందిరంతా తిరిగేది. ఎత్తిన తల దించేసరికి మెడ పట్టేసేది.

నవంబరులో, కొడైకెనాల్ వెళ్ళొచ్చిన తోటి లెక్చరర్ ఒకాయన చిన్న పొట్లం తెచ్చి ఇచ్చారు.

"బోరేజ్ అంటారండీ. ఇది పూసిన చోటికి తేనెటీగలు వెతుక్కుంటూ వస్తాయంట. చలిదేశపు మొక్క, మన దగ్గర చలికాలం దాటి బతకదేమోనండీ."

మిరియాల్లా నల్లగా ఉన్న ఆ గింజల్ని ఆ ఆదివారమే గట్టు పొడవునా నాటాను. ఇక అక్కడి నుంచి నాకు స్థిమితం లేదు. పాఠం చెబుతూ కిటికీలోంచి ఎండ ఎంత ఉందో చూసేవాణ్ణి. రోజు విడిచి రోజు, ఆఖరి పీరియడ్ అవగానే నల్లజర్ల బస్సెక్కేవాణ్ణి. మొలకలొచ్చాయి, సగం చీమల పాలయ్యాయి. మిగిలినవాటి ఆకులు నూగుతో గరుగ్గా ఉండేవి. నలిపితే దోసకాయ వాసన వచ్చేది.

"చర్చిలో కూడా కాళ్ళు ఊపుతూ కూర్చుంటున్నావంట, మరదలు చెప్పింది. నువ్వు చూస్తే పెరుగుద్దా మొక్క, చూడకపోతే ఆగిపోద్దా?" అని నవ్వేది అక్క.

నవ్వలేకపోయేవాణ్ణి.

జనవరిలో పూసింది. అయిదు రేకల నీలం పూలు, నేలచూపులు చూస్తూ. మూడు రోజులు సెలవు పెట్టి గట్టు మీదే కూర్చున్నాను. తొలి రెండు రోజులూ ఒక నల్ల తుమ్మెద తప్ప ఏదీ రాలేదు. మూడో రోజు పొద్దున నాలుగైదు తేనెటీగలు వచ్చాయి. ఊపిరి బిగబట్టి చూస్తుండగా పక్క వంగతోటలోంచి మందు వాసన కొట్టింది. ఆ తోట రైతు వీపున డబ్బా వేసుకుని పురుగుమందు కొడుతున్నాడు.

పరుగెత్తాను. "ఏవండీ, మందు సాయంత్రం కొట్టుకోకూడదాండీ? పొద్దున పూట తేనెటీగలు తిరుగుతాయండీ."

ఆయన పంపు ఆపి నెమ్మదిగా అన్నాడు. "గట్టు మీద పూలన్నీ మాడ్పించింది తమరే కదండీ మేష్టారూ? ఆ రోజు గుర్తురాలేదాండీ ఈ ఈగలు?"

వెనక్కి తిరిగితే అక్క నిలబడి ఉంది. ఆమె దగ్గరికి నడిచి అన్నాను.

"నిజమే అక్కా. తేనెటీగలు పోయింది నా వల్లే. ముందే తెలిసింది, చెప్పలేకపోయాను."

"నాకూ తెలుసురా. నువ్వెప్పుడు చెప్తావా అనే చూస్తున్నాను" అంది. కోపంగా అనలేదు. అలా అనకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తర్వాత ఆమే ఆ రైతు దగ్గరకు వెళ్ళింది. "అన్నయ్యగారండీ, రేపటి నుంచి సాయంత్రాలు కొట్టండి. మందులోకి నీళ్ళు నేను తోడి పెడతాను." ఆయన నా వైపు చూడకుండానే తలూపాడు. మాట మీద నిలబడ్డాడు కూడా.

ఫిబ్రవరి అంతా ఆ గట్టు తేనెటీగలతో గుయ్యిమంటూ ఉండేది. కొన్ని పందిరి మీదికీ మళ్ళేవి. అక్క చేత్తో అద్దడం మానలేదు గానీ, సగం పందిరి తిరిగి చాలించుకునేది. కిందటి కాపు కన్నా కాయలు బాగానే నిలిచాయి. అది బోరేజ్ చలవో, సాయంత్రానికి మారిన మందు చలవో నేను ఇదమిత్థంగా చెప్పలేను.

మార్చి ఎండ ముదిరాక మొక్కలన్నీ వారంలో నల్లబడి వాలిపోయాయి. తాటాకులు కప్పుదామని నేను అటూ ఇటూ తిరుగుతుంటే అక్క ఒప్పుకోలేదు. "దాని కాలం అయిపోయింది, వదిలెయ్యి" అంది.

ఆ తర్వాత కూడా రెండు ఆదివారాలు, అక్కడ నాకు పనేమీ లేకపోయినా, అదే బస్సెక్కాను.